చిరునామా లేని హెచ్చరిక
(ఓమా పట్టణం, 1998 ఆగస్టు 15)

ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయవలసిందని సంపాదకవర్గం వారు కోరారు. పింఛను లెక్కలు, కరువుభత్యం, వైద్య సదుపాయాల గురించి రాసే మిత్రులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను 1969లో టెలిఫోన్ ఆపరేటరుగా చేరి, ట్రంకు ఎక్స్ఛేంజిలో హెడ్‌సెట్టు తగిలించుకుని ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిపినవాణ్ణి. అందుచేత టెలిఫోనుతో ముడిపడిన ఒక చరిత్ర ఘట్టాన్నే ఎన్నుకున్నాను. ఇది మన దేశానిది కాదు. జరిగింది మాత్రం మనం జెండా ఎగరవేసుకునే రోజున, ఉత్తర ఐర్లండులోని ఓమా అనే చిన్న పట్టణంలో. ఆ ఊరికి ఆ రోజు మూడు ఫోన్లలో హెచ్చరిక వచ్చింది. వచ్చిన హెచ్చరికే జనాన్ని బాంబు దగ్గరికి నడిపించింది. 29 మంది చనిపోయారు.

మాట చేరవేయడమే వృత్తిగా బతికిన మనబోటి వాళ్ళకు ఇది తెలియవలసిన కథ అని నా అభిప్రాయం.

తగాదా పుట్టుక

ఐర్లండు ద్వీపం వందల ఏళ్ళపాటు ఇంగ్లండు ఏలుబడిలో ఉంది. 17వ శతాబ్దం మొదట్లో ద్వీపపు ఉత్తర భాగంలో స్థానికుల భూములు లాక్కుని, స్కాట్లండు, ఇంగ్లండుల నుంచి తెచ్చిన కుటుంబాలకు ఇచ్చారు. వచ్చినవారు ప్రొటెస్టంటులు, భూములు పోయినవారు కాథలిక్కులు. అప్పటినుంచి మతం పేరు చెబితే చాలు, ఎవరు ఎటువైపో తెలిసిపోయే పరిస్థితి ఏర్పడింది.

1921లో ద్వీపాన్ని విభజించారు. దక్షిణాన ఉన్న 26 కౌంటీలు స్వతంత్ర దేశమయ్యాయి. ఉత్తరాన ఉన్న 6 కౌంటీలు బ్రిటనులోనే ఉండిపోయాయి. ఆ ఆరింటిలో ప్రొటెస్టంటులది పైచేయి. ఇళ్ళ కేటాయింపులోనూ, ఉద్యోగాల్లోనూ, స్థానిక ఎన్నికల వార్డుల విభజనలోనూ కాథలిక్కులకు అన్యాయం జరుగుతోందని 1960లలో పౌరహక్కుల ఉద్యమం లేచింది. ఊరేగింపుల మీద లాఠీలు విరిగాయి, వీధుల్లో ఇళ్ళు తగులబడ్డాయి. 1969 ఆగస్టులో బ్రిటిషు సైన్యం దిగింది. 1972 జనవరి 30న డెర్రీ నగరంలో నిరాయుధులైన ఊరేగింపుదారుల మీద సైనికులు కాల్పులు జరిపారు. 13 మంది ఆ రోజే చనిపోయారు, గాయపడిన మరొకరు తరవాత మరణించారు. అక్కడినుంచి మంట ఇక ఆరలేదు.

ఇది దేవుడి గురించిన తగాదా కాదు. ఆ నేల ఎవరిది, ఏ దేశంలో ఉండాలి, ఎవరి మాట చెల్లాలి అన్నదే తగాదా. కాథలిక్కుల పక్షాన ఐర్లండు ఏకీకరణ కోసం ఐ.ఆర్.ఏ. అనే సాయుధ సంస్థ, ప్రొటెస్టంటుల పక్షాన యు.వి.ఎఫ్. వంటి సాయుధ ముఠాలు, మధ్యలో పోలీసులు, సైన్యం. 30 ఏళ్ళలో 3,500 మందికి పైగా చనిపోయారు. అందులో సగానికి పైగా మామూలు పౌరులే. మొత్తం జనాభా సుమారు 15 లక్షలు ఉన్న ప్రాంతంలో ఇది ఎంత పెద్ద సంఖ్యో మిత్రులు లెక్క వేసుకోవచ్చు. ఎవరో ఒక బంధువునో, పొరుగువాణ్ణో పోగొట్టుకోని ఇల్లు దొరకడం కష్టం.

ఏ పక్షమూ చేతులు కడుక్కోలేదు. 1974 మే 17న డబ్లిన్, మొనహాన్ పట్టణాల్లో యు.వి.ఎఫ్. వాళ్ళు కారు బాంబులు పేల్చి 33 మందిని చంపారు. ముందుగా ఒక్క మాట చెప్పలేదు. 1987 నవంబరు 8న ఎన్నిస్కిలెన్‌లో యుద్ధవీరులకు నివాళులర్పిస్తున్న చోట ఐ.ఆర్.ఏ. బాంబు పేలి 11 మంది పోయారు. అక్కడా హెచ్చరిక లేదు.

ఫోను చేసి చెప్పే ఆచారం

హెచ్చరిక అన్నాను కదా, దాని సంగతి కొంచెం చెప్పాలి. దుకాణాల వీధిలో బాంబు పెట్టి, వార్తాసంస్థకో, ఆత్మహత్యల నివారణకు పనిచేసే సమారిటన్ల కార్యాలయానికో ఫోను చేసి చెప్పడం ఐ.ఆర్.ఏ. వారికి అలవాటయింది. ఫోను నిజమైనదో, ఆకతాయిదో తెలియడానికి ముందే కుదుర్చుకున్న గుర్తు మాట ఒకటి చెబుతారు. ఆ మాట వింటే పోలీసులు పరుగెత్తి వీధి ఖాళీ చేయిస్తారు. ఆస్తి నాశనమవుతుంది, ప్రాణాలు దక్కుతాయి అన్నది పెట్టినవాళ్ళ సమర్థన.

వినడానికి ఏదో పద్ధతిలా ఉంటుంది గాని, ఇది ఎంత ప్రమాదకరమైన లెక్కో చూడండి. 1972 జూలై 21న బెల్‌ఫాస్టులో గంటన్నర లోపే 20 దాకా బాంబులు పేలాయి. హెచ్చరికలు ఇచ్చామన్నారు. ఒక బాంబు దగ్గరనుంచి పారిపోతున్న జనం ఇంకో బాంబు దగ్గరికి వెళ్ళారు. 9 మంది చనిపోయారు. అదే నెల 31న క్లాడీ అనే పల్లెలో మూడు కారు బాంబులు పేలి 9 మంది పోయారు. అక్కడ హెచ్చరిక చెప్పడానికి వెళ్ళినవాళ్ళకు ఫోను బూతులు పనిచేయలేదనీ, అంతకుముందే ఆ ప్రాంతపు టెలిఫోన్ ఎక్స్ఛేంజి మీద బాంబుదాడి జరగడమే అందుకు కారణమనీ చెబుతారు. ఎక్స్ఛేంజిని పడగొట్టి, ఆ ఎక్స్ఛేంజి గుండానే హెచ్చరిక పంపాలనుకోవడం ఎటువంటి తెలివో ఎక్స్ఛేంజిలో పనిచేసినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు.

శాంతి ఒప్పందం, చీలిక వర్గం

1990లలో అన్ని వర్గాలూ అలసిపోయాయి. 1994లో కాల్పుల విరమణ వచ్చింది. 1996 ఫిబ్రవరిలో లండన్‌లో పెద్ద బాంబు పేలి అది తెగిపోయింది. 1997 జూలైలో మళ్ళీ కుదిరింది. అమెరికా మాజీ సెనేటరు జార్జి మిచెల్ పెద్దమనిషిగా కూర్చుని నెలల తరబడి చర్చలు నడిపించారు. 1998 ఏప్రిల్ 10న, గుడ్‌ఫ్రైడే నాడు, ఒప్పందం కుదిరింది. అక్కడి ప్రజల్లో ఎక్కువమంది కోరుకుంటే తప్ప ఉత్తర ఐర్లండు హోదా మారదు, రెండు వర్గాలూ కలిసి ప్రభుత్వం నడపాలి, ఖైదీలను రెండేళ్ళలో విడుదల చేయాలి అన్నవి అందులో ముఖ్యమైనవి. మే 22న ప్రజల ఓటింగు పెట్టారు. ఉత్తరాన 71 శాతం, దక్షిణాన 94 శాతం ఒప్పందానికి అవును అన్నారు.

అయితే ఈ రాజీ నచ్చనివాళ్ళు ఐ.ఆర్.ఏ. నుంచి 1997 చివరలోనే విడిపోయారు. వారిని రియల్ ఐ.ఆర్.ఏ. అన్నారు. ఒప్పందాన్ని చెడగొట్టాలని ఊరూరా దుకాణాల వీధుల్లో కారు బాంబులు పెట్టడం మొదలుపెట్టారు. 1998 ఆగస్టు 1న బాన్‌బ్రిడ్జి పట్టణంలో పెట్టిన బాంబు, జనాన్ని ఇంకా ఖాళీ చేయిస్తూ ఉండగానే పేలింది. 30 మందికి పైగా గాయపడ్డారు, ఎవరూ చనిపోలేదు. ఆ అదృష్టాన్ని హెచ్చరికగా తీసుకుని మానుకోవలసినవాళ్ళు రెండు వారాలు తిరగకుండానే ఓమాకు బయలుదేరారు.

ఆ శనివారం

ఓమా, టైరోన్ కౌంటీకి ముఖ్య పట్టణం. కామోవెన్, డ్రమ్‌రా అనే రెండు చిన్న నదులు కలిసి స్ట్రూల్ నదిగా మారే చోట ఉంది. కాథలిక్కులూ, ప్రొటెస్టంటులూ కలిసి ఉండే ఊరు. సంతకు, బడి బట్టలకు, బ్యాంకు పనికి చుట్టుపక్కల పల్లెలవాళ్ళు అక్కడికే వస్తారు. 1998 ఆగస్టు 15 శనివారం. సెలవులు అయిపోవస్తున్నాయి కనుక పిల్లలకు యూనిఫారాలు కొనడానికి తల్లులు వచ్చారు. ఊరి ఉత్సవాల చివరి రోజు కావడంతో సాయంకాలం ఊరేగింపు ఉంది. సరిహద్దుకు అవతల బంక్రానా అనే ఊళ్ళో బస చేసి ఇంగ్లీషు నేర్చుకుంటున్న స్పెయిన్ దేశపు పిల్లలను, అక్కడి ఐరిష్ పిల్లలతో కలిపి, ఓమా దగ్గరున్న జానపద ప్రదర్శనశాల చూపడానికి బస్సులో తీసుకువచ్చారు. అది చూసి పిల్లలు బజారుకు వచ్చారు.

రెండు రోజుల కిందట దక్షిణాన కారిక్‌మాక్రాస్ ఊళ్ళో దొంగిలించిన ముదురెరుపు వాక్స్‌హాల్ కావలియర్ కారు ఒకటి, నంబరు ప్లేటు మార్చుకుని, మధ్యాహ్నం 2 గంటల 20 నిమిషాల ప్రాంతంలో లోయర్ మార్కెట్ వీధిలో ఒక బట్టల దుకాణం ముందు ఆగింది. ఇద్దరు దిగి వెళ్ళిపోయారు. కారులో ఎరువుతో తయారుచేసిన సుమారు 500 పౌన్ల బాంబు ఉంది. అంటే 225 కిలోలు.

మూడు ఫోన్లు

2 గంటల 32 నిమిషాలకు బెల్‌ఫాస్టులోని అల్‌స్టర్ టెలివిజన్ వార్తావిభాగంలో ఫోను మోగింది. ఓమాలో, కోర్టు భవనం, మెయిన్ స్ట్రీట్, 500 పౌన్ల బాంబు, 30 నిమిషాలు అన్నాడు అవతలివాడు. వెంటనే అక్కడికే రెండో ఫోను. ఈసారి ఊరి పేరు ఓమా అన్నాడు గాని 15 నిమిషాలే అన్నాడు. మూడోది కొలరెయిన్‌లోని సమారిటన్ల కార్యాలయానికి. మెయిన్ స్ట్రీట్‌లో, కోర్టుకు 200 గజాల దూరంలో అన్నాడు. ఈ ఫోన్లు ఊరికి దూరంగా, సరిహద్దు దగ్గర దక్షిణ ఆర్మా ప్రాంతంలోని పబ్లిక్ ఫోను బూతుల నుంచి వచ్చాయని తరవాత తేలింది. చెప్పిన గుర్తు మాట మార్తా పోప్. శాంతి చర్చలు నడిపిన జార్జి మిచెల్ వద్ద ముఖ్య సహాయకురాలిగా పనిచేసిన అమెరికన్ అధికారిణి పేరు అది. శాంతి కోసం పనిచేసిన మనిషి పేరునే బాంబుకు గుర్తు మాటగా పెట్టుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ట్రంకు ఎక్స్ఛేంజిలో మాకు మొదట నేర్పే పాఠం ఒకటుంది. పార్టీ చెప్పిన ఊరూ, నంబరూ, పేరూ తిరిగి పైకి చదివి, అవుననిపించుకున్న తరవాతే టికెట్టు మీద రాయాలి. లైట్నింగ్ కాల్ అయినా సరే ఇది తప్పదు. ఎందుకంటే మన జిల్లాల్లోనే కొత్తపేటలు ఎన్ని, రామాపురాలు ఎన్ని! పార్టీకి తన ఊరు ఒక్కటే తెలుసు, ఆపరేటరుకు అన్నీ తెలియాలి. ఓమా గురించి వచ్చిన ఫోన్లలో ఆ వెసులుబాటు లేదు. చెప్పేవాడు చెప్పి పెట్టేస్తాడు. తిరిగి అడగడానికి అవతల మనిషి ఉండడు.

చిక్కేమిటంటే, ఓమాలో మెయిన్ స్ట్రీట్ అనే పేరుగల వీధి లేదు. కొండ మీద కోర్టు భవనం, దాని ముందునుంచి కిందికి దిగే పెద్ద బజారు హై స్ట్రీట్. అదే ఇంకా దిగువకు పోతే మార్కెట్ స్ట్రీట్. మన ఊళ్ళలో పురపాలక సంఘం ఏ నాయకుడి పేరు పెట్టినా జనం మెయిన్ రోడ్డు అనే అంటారు. అయితే మెయిన్ రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందని నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. ఓమా పోలీసులకు చేతికందిన స్పష్టమైన గుర్తు ఒక్కటే, కోర్టు భవనం. అందుకని కోర్టు చుట్టుపక్కల దుకాణాలు ఖాళీ చేయించి, తాళ్ళు కట్టి, జనాన్ని కోర్టుకు దూరంగా దిగువకు, అంటే మార్కెట్ వీధి వైపుకు పంపారు. ఆ పరిస్థితిలో ఏ పోలీసు అయినా అదే చేస్తాడు. కారు ఉన్నది కోర్టుకు సుమారు 400 గజాల దిగువన.

జనం పెద్దగా భయపడలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఇటువంటి ఫోన్లు చూసినవాళ్ళు. ఎక్కువ భాగం ఉత్తుత్తివే అవుతాయి. షాపుల్లో పనిచేసే అమ్మాయిలు బయటికి వచ్చి కబుర్లు చెప్పుకుంటూ నిలబడ్డారు. ఒక వ్యక్తి ఒక బిడ్డను భుజాల మీద ఎక్కించుకుని ఆ ఎర్ర కారు పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. ఆ కెమెరా తరవాత శిథిలాల్లో దొరికింది. ఫొటోలో ఉన్న ఇద్దరూ బతికారు. ఫొటో తీసిన మనిషి బతకలేదు.

3 గంటల 10 నిమిషాలకు బాంబు పేలింది.

నష్టం

21 మంది అక్కడికక్కడే చనిపోయారు. మరో 8 మంది ఆసుపత్రికి తీసుకుపోతుండగానో, ఆసుపత్రిలోనో పోయారు. సుమారు 220 మంది గాయపడ్డారు. మృతుల్లో కాథలిక్కులు, ప్రొటెస్టంటులు, ఒక మోర్మన్ బాలుడు ఉన్నారు. బంక్రానా నుంచి వచ్చిన ముగ్గురు ఐరిష్ పిల్లలు, స్పెయిన్ నుంచి వచ్చిన ఒక బాలుడు, పిల్లలను వెంటబెట్టుకు వచ్చిన స్పెయిన్ యువతి ఒకరు ఉన్నారు. ఒక కుటుంబంలో అమ్మమ్మ, కూతురు, మనుమరాలు ముగ్గురూ ఒకేసారి పోయారు. ఆ కూతురు కవలలతో గర్భిణి. అందుకే ఓమా వాసులు 29 అనరు, 29 మంది, ఇంకా పుట్టని ఇద్దరు అని విడిగా చెబుతారు. ఏ మతానికో, ఏ దేశానికో తగిలిన దెబ్బ అని చెప్పడానికి వీలులేదు. ఆ గొడవల కాలమంతటిలో ఉత్తర ఐర్లండులో ఒకే పేలుడులో ఇంతమంది చనిపోవడం మరెక్కడా జరగలేదు.

నీటి గొట్టాలు పగిలి వీధి వెంట నీళ్ళు పారాయి. అంబులెన్సులు చాలక సిటీ బస్సుల్లోనూ, దొరికిన కార్లలోనూ క్షతగాత్రులను టైరోన్ కౌంటీ ఆసుపత్రికి చేర్చారు. ఆ చిన్న ఆసుపత్రి తట్టుకోలేకపోతే హెలికాప్టర్లలో వేరే ఊళ్ళకు తరలించారు. తమవారి జాడ తెలియని కుటుంబాలు ఊరి క్రీడాకేంద్రంలో రాత్రంతా కూర్చుని, ఒక్కొక్క పేరే పిలుస్తుంటే వింటూ గడిపాయి.

ఎవరు బాధ్యులు?

మూడు రోజుల తరవాత రియల్ ఐ.ఆర్.ఏ. ఒక ప్రకటన చేసింది. తమ గురి పౌరులు కాదని, హెచ్చరికలు సరిగానే ఇచ్చామని, పౌరుల మరణానికి చింతిస్తున్నామని దాని సారాంశం. కోర్టు దగ్గర కారు పెట్టడానికి చోటు దొరక్క దిగువన వదిలారని ఒక వివరణ కూడా వినిపిస్తుంది. నాకు ఈ వాదన ఎప్పుడూ మింగుడుపడలేదు. శనివారం మధ్యాహ్నం, బజారు నిండా జనం, కారులో 225 కిలోల మందు. కారును ఎక్కడ వదిలారో వదిలినవాళ్ళకు తెలుసు. ఏ దుకాణం ముందో ఆ పేరు చెప్పడానికి రెండు క్షణాలు చాలు. బూతులో నాణెం వేసి మూడుసార్లు మాట్లాడినవాళ్ళు మూడుసార్లూ ఆ ఒక్క ముక్క చెప్పలేదు.

2009లో బెల్‌ఫాస్టు హైకోర్టు న్యాయమూర్తి మోర్గన్ కూడా ఇటువంటి నిర్ణయానికే వచ్చారు. బాంబు ఎవరికీ దొరకకుండా పేలాలన్నదే పెట్టినవాళ్ళ మొదటి లక్ష్యమని, ప్రజల క్షేమం మహా అయితే రెండో విషయమని, ప్రాణనష్టం జరగవచ్చని తెలిసే ఆ పనికి తెగించారని తీర్పులో పేర్కొన్నారు. హెచ్చరిక ఇచ్చామన్నది నేరం నుంచి తప్పించుకునే రసీదు కాదు.

ఒప్పందాన్ని కూల్చాలని పెట్టిన బాంబు ఒప్పందాన్నే బలపరిచింది. రెండు మతాలవాళ్ళూ ఒకే శ్మశానాల దారిలో నడిచారు. అంతవరకూ ఐ.ఆర్.ఏ. దాడులను ఖండించడానికి మాటలు వెతుక్కునే షిన్ ఫేన్ నాయకులు ఈ దాడిని సూటిగా ఖండించారు. వారం తిరిగేసరికి ఐ.ఎన్.ఎల్.ఏ. అనే మరో సాయుధ వర్గం కాల్పుల విరమణ ప్రకటించింది. సెప్టెంబరులో రియల్ ఐ.ఆర్.ఏ. కూడా ప్రకటించవలసి వచ్చింది, అయితే అది నిలబడలేదు. ఆ ఏడాది నోబెల్ శాంతి బహుమానం ఆ ఒప్పందానికి పాటుపడిన జాన్ హ్యూమ్, డేవిడ్ ట్రింబుల్‌లకు వచ్చింది. 2007 మే నెలలో జన్మశత్రువులనుకున్న ఇయాన్ పెయిస్లీ, మార్టిన్ మెక్‌గిన్నిస్ ఒకే ప్రభుత్వానికి పెద్దలుగా ప్రమాణం చేశారు. విద్వేషం పూర్తిగా పోయిందని చెప్పను. 2011లో ఓమాలోనే ఒక యువ పోలీసు కారు కింద బాంబుకు బలయ్యాడు. 2023లో అక్కడే ఒక పోలీసు అధికారి మీద కాల్పులు జరిగాయి. అయినా పాత రోజులు తిరిగి రాలేదు.

మరో ఫోను, మరికొన్ని ఫోన్లు

ఓమా కథలో ఫోన్లు ఆ మూడింటితో అయిపోలేదు. పేలుడుకు 11 రోజుల ముందు, ఆగస్టు 4న, పేరు చెప్పని వ్యక్తి ఒకడు పోలీసులకు ఫోను చేసి, 15వ తేదీన ఓమాలో పోలీసుల మీద దాడి జరుగుతుందని చెప్పాడు. ఈ సంగతిని పోలీసుల మీది ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ నూలా ఓలోన్ 2001 డిసెంబరు నివేదికలో బయటపెట్టారు. అటువంటి సమాచారం చేరవలసిన చోటికి చేరలేదని ఆమె తప్పుపట్టారు. సరిగా పట్టించుకుని ఉంటే పేలుడు ఆగేదా అన్నది మాత్రం తేల్చి చెప్పలేమన్నారు. అప్పటి పోలీసు అధిపతి ఆ నివేదికను గట్టిగా ఖండించారు. ఎవరిది రైటయినా, ఒక విభాగానికి వచ్చిన కబురు పక్క గదిలోని విభాగానికి చేరకపోతే ఏమవుతుందో ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక నేరగాళ్ళను పట్టించిన సాక్ష్యం కూడా చాలావరకు ఫోన్లదే. 1998 నాటికి సెల్‌ఫోన్లు అక్కడ బాగా వాడుకలోకి వచ్చాయి. సెల్‌ఫోను ఎక్కడ ఉంటే ఆ దగ్గరి టవరు ద్వారా మాట్లాడుతుంది. ఏ నంబరు, ఏ నిమిషంలో, ఏ టవరు కింద మాట్లాడిందో బిల్లింగు రికార్డుల్లో నిలిచిపోతుంది. ఆ రికార్డులు వరసగా పేర్చి చూస్తే, కొన్ని ఫోన్లు ఆ రోజు సరిహద్దు దాటి ఓమాకు వచ్చి, తిరిగి వెళ్ళిన దారి కనిపించింది. బిల్లుల తగాదాలు తేల్చడానికే పనికొస్తాయనుకునే ఆ కాగితాలు అంత పెద్ద కేసులో సాక్ష్యం చెప్పాయి.

అయినా క్రిమినల్ కోర్టుల్లో ఫలితం దక్కలేదు. ఒకరికి 2002లో డబ్లిన్ కోర్టు శిక్ష వేస్తే, 2005లో పై కోర్టు కొట్టేసింది. మరొకరిని 2007 డిసెంబరులో బెల్‌ఫాస్టు కోర్టు నిర్దోషిగా వదిలింది. సాక్ష్యాధారాలను భద్రపరచిన తీరును న్యాయమూర్తి తీవ్రంగా తప్పుపట్టారు. ఇంకొకరి మీద పెట్టిన కేసును 2016లో ప్రాసిక్యూషను వారే ఉపసంహరించుకున్నారు. 2025 నాటికి కూడా ఆ హత్యలకు శిక్షపడి నిలిచినవారు ఒక్కరూ లేరు.

కన్నవారి పోరాటం

పోలీసులు చేయలేనిది తామే చేస్తామని బాధిత కుటుంబాలు నడుం కట్టాయి. వారు వకీళ్ళు కారు, నాయకులు కారు. కొడుకును పోగొట్టుకున్న మెకానికులు, భార్యను పోగొట్టుకున్న ఉద్యోగులు, కూతురిని పోగొట్టుకున్న తల్లులు. చందాలు పోగుచేశారు, తరవాత ప్రభుత్వమూ కొంత సాయపడింది. నిందితుల మీద నష్టపరిహారం కోసం సివిలు దావా వేశారు. క్రిమినలు కేసులో సందేహానికి తావులేకుండా రుజువు కావాలి. సివిలు దావాలో ఎటు మొగ్గు ఎక్కువుందో అది చాలు. అందుకే ఆ దారి పట్టారు. 2009 జూన్‌లో రియల్ ఐ.ఆర్.ఏ. అధినేత మైకేల్ మెకెవిట్‌తో సహా నలుగురు బాధ్యులని కోర్టు తీర్పు చెప్పి, 16 లక్షల పౌన్ల పరిహారం చెల్లించమంది. ఇద్దరి అప్పీలు నెగ్గి, వారి మీద మళ్ళీ విచారణ జరిగింది, 2013లో వారూ బాధ్యులేనని తేలింది. డబ్బు కోసం వేసిన దావా కాదు అది. కోర్టు కాగితం మీద పేర్లు ఎక్కాలన్నదే వారి పట్టుదల.

ఆ తరవాతా వారు ఆగలేదు. పేలుడును నివారించగలిగి ఉండేవారా అన్న ప్రశ్నకు ప్రభుత్వమే బహిరంగంగా జవాబు చెప్పాలన్నారు. 2021లో హైకోర్టు న్యాయమూర్తి హార్నర్, నివారించడానికి నిజమైన అవకాశం ఉండేదన్న వాదనలో పస ఉందని అన్నారు. 2023 ఫిబ్రవరిలో బ్రిటిషు ప్రభుత్వం చట్టబద్ధమైన విచారణ ప్రకటించింది. స్కాట్లండు న్యాయమూర్తి లార్డ్ టర్న్‌బుల్ అధ్యక్షుడు. 2025 జనవరి చివరలో ఓమాలోనే స్ట్రూల్ కళాకేంద్రంలో కూర్చుని, చనిపోయిన ఒక్కొక్కరి గురించి వారి వాళ్ళు చెప్పేది మొదట విన్నారు. ఏం చదువుకునేవాడు, ఏ పాట ఇష్టం, ఆ రోజు బజారుకు ఎందుకు వెళ్ళింది అన్న సంగతులు అధికారిక రికార్డులోకి ఎక్కాయి. పేలుడు జరిగి అప్పటికి 26 ఏళ్ళు దాటింది. ఆనాడు నలభై, యాభై ఏళ్ళ వయసులో ఉన్న ఆ తలిదండ్రులు ఇప్పుడు మన వయసువాళ్ళు. కొందరు ఈ రోజు చూడకుండానే కన్నుమూశారు. ఏళ్ళ తరబడి ఒక జవాబు కోసం ఎదురుచూడడం అంటే ఏమిటో మన సంఘ సభ్యులకూ కొంత తెలుసు. అయితే మనం ఎదురుచూసింది బకాయిల కోసం. వారు ఎదురుచూసింది బిడ్డల కోసం.

ముగింపు

ఓమాలో 2008లో ఒక స్మారకం కట్టారు. ఊరి తోటలో ఒక పెద్ద అద్దం ఎండ తిరిగే దిక్కుకు తానూ తిరుగుతూ వెలుగును 31 చిన్న అద్దాల మీదికి పంపుతుంది. అద్దానికి ఒకరి చొప్పున 31 మందికి గుర్తుగా ఉన్న ఆ అద్దాలనుంచి వెలుగు మళ్ళి, వీధులు దాటి, బాంబు పేలిన చోట నిలబెట్టిన గాజు స్తంభంలోని స్ఫటికం మీద పడుతుంది. ఎండ ఉన్న రోజున ఆ చోటు వెలుగుతుంది.

నాకు తోచినది రెండు ముక్కల్లో చెప్పి విరమిస్తాను. మనుషులు కలిసి కొనుక్కుని, కలిసి తిరిగే బజారును యుద్ధరంగం చేసే హక్కు ఏ ఆశయానికీ లేదు, ముందుగా ఫోను చేసి చెప్పినా లేదు. రెండోది, అపాయం గురించిన కబురు ఎవరి చెవిన పడినా, అది సరైన చోటుకి సరైన మాటల్లో చేరిందో లేదో చూసుకునే బాధ్యత ఆ వినినవారిదే. కుర్చీ దిగినంత మాత్రాన ఆ డ్యూటీ అయిపోదు. మన వీధిలో, మన అపార్టుమెంటులో, మన మనవలు వెళ్ళే బడి దగ్గర అనుమానంగా ఏమైనా కనిపిస్తే, ఏ వీధి, ఏ దుకాణం, ఏ గుర్తు అన్నది స్పష్టంగా చెప్పండి. అవతలివారు తిరిగి చదివి వినిపించేదాకా ఫోను పెట్టకండి.